గోదావరి వేగం గంటకు సున్నా

ముందు పోయినవి చెబుతాను, మనసు దిటవు చేసుకోండి. చెప్పులు పదకొండు. జతలు కావు, విడివిడిగా పదకొండు. చాపలు నాలుగు. వడ్డించిన అరటాకులు ముప్పై రెండు. గుండిగెడు పులిహోరలో మూడు వంతులు. మా పెదనాన్న కళ్లజోడు. ఆత్రేయపురం నుంచి పనిగట్టుకుని తెప్పించిన పూతరేకులు యాభై. అవి నీళ్లలో కరగడానికి పట్టిన కాలం నాలుగు సెకన్లు, అంటే సగటున సెకనుకు పన్నెండున్నర పూతరేకులు. యూనిట్ లేకుండా నేను ఏ అంకే చెప్పను. ఆ జబ్బుతోనే ఇదంతా మొదలైంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కోరుకొండ దగ్గర మెట్ట ఊరు మాది. మా దగ్గర నీళ్లంటే బోరులోంచి రావాలి, లేదా ఆకాశంలోంచి పడాలి. వాటంతట అవే వచ్చి, పని చూసుకుని వెళ్లిపోయే నీళ్లను నేనెరగను. పదో తరగతితో చదువు ఆగినా, రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం కొని రెండు అధ్యాయాలు చదివాను. మూడోది అక్కర్లేదనిపించింది. చివరి కొలతలోంచి మొదటి కొలత తీసెయ్, పట్టిన కాలంతో భాగించు, పక్కన యూనిట్ రాయి: అదే సగటు మార్పు రేటు. ఇంత సులువైన మంత్రం దొరికాక మనిషి ఊరుకుంటాడా? ఇంట్లో గ్యాస్ బండ రోజుకు ఎన్ని గ్రాములు తగ్గుతోందో, పెదనాన్న జుట్టు నెలకు ఎన్ని వెంట్రుకల చొప్పున రాలుతోందో చెప్పేవాణ్ణి. రెండోది చెప్పిన రోజు నాకు భోజనం పెట్టలేదు.

అలాంటి నాకు నరసాపురం సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సుభద్ర. వాళ్ల నాన్న నాగభూషణం గారు రేవులో పంటు నడిపేవారు. మనుషుల్నీ స్కూటర్లనీ దాని మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించడం ఆయన పని. ఫొటో చూసినప్పుడే నా గుండె నిమిషానికి నూట పది సార్లు కొట్టుకుంది. కొలిచాను. ఈ సంబంధం తప్పితే ఇంకో పిల్లను చూడనని అమ్మకు చెప్పేశాను. కార్తీకమాసం కనక పెళ్లిచూపులూ వనభోజనాలూ ఒకేసారి గోదావరి ఒడ్డున కానిద్దామన్నారు పెద్దలు. చోటు చూసే పని నేను నెత్తిన వేసుకున్నాను. వేసుకోమని ఎవరూ అనలేదు.

పెదనాన్నతో కలిసి రెండు రోజుల ముందే వెళ్లాను. రేవుకు కాస్త పక్కన ఇసుక మేట, పరుపులా ఉంది. నీటికి జానెడు ఎత్తు. నీళ్లు పెరుగుతాయేమోనని అనుమానం రాకపోలేదు. నేను జాగ్రత్త గల మనిషిని. సెంటీమీటర్లు గీసిన వెదురుకర్ర నీళ్లలో పాతి, తెల్లవారుజామున ఐదింటికి చూశాను: నలభై. ఊళ్లోకి పోయి, అమ్మకు లేసు అల్లిన గుడ్డ కొని, రెండుసార్లు టిఫిను చేసి, ఒక కునుకు తీసి, సాయంత్రం ఐదున్నరకు వచ్చి చూశాను: నలభై. మార్పు సున్నా. పన్నెండున్నర గంటలతో భాగిస్తే, గంటకు సున్నా సెంటీమీటర్లు. కర్ర పైదాకా తడిసి ఉంది. ఎవరో స్నానం చేస్తూ చిమ్మి ఉంటారనుకున్నాను.

"అక్కడ వద్దేమో బాబుగారూ," అన్నారు నాగభూషణం గారు. "పోటు వేళకి సముద్రం ఎగదన్ని నీళ్లొస్తాయండి. మోకాలి లోతు."

"మోకాలు యూనిట్ కాదండి. ఎవరి మోకాలు? పిల్లలదా, పెద్దలదా?"

"నిలబడినోళ్లదండి."

"నేను కొలిచానండి. గంటకు సున్నా."

ఆయన నా కాగితం వైపు చూశారు, గోదావరి వైపు చూశారు. "ముప్ఫయ్యేళ్ల బట్టి దాని మీదే తిరుగుతున్నానండి."

"లెక్క కట్టి ఉండరండి," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

"మావాడు లెక్కల్లో పులండి," అన్నాడు పెదనాన్న.

మగపెళ్లివారి మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట అలవాటు లేదు. "అలాగే కానివ్వండి," అన్నారాయన.

మర్నాడు మా వాళ్లందరూ బస్సు దిగి ఇసుక మీద కూర్చున్నారు. ఆడపెళ్లివారు మాత్రం చెప్పులు లేకుండా వచ్చి, గట్టు మీద సర్దుకున్నారు. "మాకిక్కడ బాగుందండి." పక్కనే ఒక పడవ కట్టి ఉంచారు. అది మా గౌరవార్థం అనుకున్నాను.

పదిన్నరకు వడ్డన మొదలైంది.

"ఒరేయ్, చాప తడిగా ఉందిరా," అన్నాడు పెదనాన్న.

"ఇసుకలో చెమ్మ పెదనాన్నా."

"చెమ్మ కదులుతోందిరా."

లేచి చూశాను. అరగంటలో పదిహేను సెంటీమీటర్లు పెరిగాయి. వెంటనే కాగితం తీశాను. "గంటకు ముప్పై, అంటే నిమిషానికి అర సెంటీమీటరు. మోకాలు నలభై ఐదనుకుంటే, ఇంకా గంటన్నర టైముంది. కంగారు పడకండి."

"ఒరేయ్, నేను కూర్చుని ఉన్నానురా."

ఈ సంగతి నా లెక్కలోకి రాలేదు. ఆకులు వడ్డించిన వరసలోనే లేచి, పప్పూ పులిహోరా అలాగే మోసుకుంటూ ఎగువకు, అంటే మా ఊరి దిక్కుకే బయల్దేరాయి. వాటి వెనక చెప్పులు. వాటి వెనక మా పిన్ని. ఆడపెళ్లివారు ఎంతో మర్యాదగా, ఏమీ అనకుండా పడవ తెచ్చి, మమ్మల్ని ఒక్కొక్కరినీ అరటిగెలల్లా ఎక్కించారు. గెడ వేస్తున్నది సుభద్ర. పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూర్చున్నది నేను.

"పొద్దున్నా సాయంత్రమూ నలభయ్యేనండి," అన్నాను ఆమెతో, తడిసిన కాగితం చూపిస్తూ.

"మా నాన్న పొద్దున్నే ఈ రేవులోంచి పంటు తీస్తారండి. సాయంత్రం ఈ రేవులోనే కడతారు," అందామె. "రోజంతా ఎంత దూరం తిరిగారంటారు?"

నేను కాగితంలోని నీళ్లు పిండడం మొదలుపెట్టాను.

"యూనిట్‌తో చెప్పండి," అంది.

పడవంతా నవ్వింది. కళ్లజోడు లేని పెదనాన్న ఎటో తిరిగి నవ్వాడు. నాకు మాత్రం ఫొటో వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుందని దిగులు పట్టుకుంది. గట్టెక్కాక నాగభూషణం గారికి చేతులు జోడించాను.

"మీరు తప్పు కొలవలేదండి, తక్కువ కొలిచారు," అన్నారాయన. "రేపు ఆరింటి నుంచి ఆరింటి దాకా రేవు మెట్ల మీద కూర్చుని, గంటగంటకీ ఓ కొలత రాయండి. పదమూడు కొలతలు నా చేతిలో పెడితే ముహూర్తం పెట్టిద్దాం."

కూర్చున్నాను. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా ఏడు కొలతలు ముత్యాల్లా రాశాను. నీళ్లు దిగడం చూశాను, నిలబడి ఆలోచించుకోవడం చూశాను, మనసు మార్చుకోవడం చూశాను. పన్నెండు దాటాక సుభద్ర క్యారియరు తెచ్చింది. తర్వాత నాలుగు, ఐదు, ఆరు గంటల కొలతలు రాశాను.

నాగభూషణం గారు కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. "ఒంటిగంటదీ, రెండింటిదీ, మూడింటిదీ ఏవండీ?"

"పన్నెండింటిదీ నాలుగింటిదీ ఉన్నాయి కదండీ, సగటున..." అని నాలిక కరుచుకున్నాను.

ఆయన కూతురి వైపు చూశారు. ఆమె శ్రద్ధగా క్యారియరు గిన్నెలు సర్దుతోంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మిగతావి తర్వాత ఇద్దురు గాని. ముందు ముహూర్తం చూద్దాం."

అందుచేత, ఈ పాఠకుల సాక్షిగా, నిండు స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: రెండు చివరలు చూసి మధ్య సంగతి చెప్పే పని ఈ జన్మలో మళ్లీ చెయ్యను. ఆ నాలుగు గంటల మధ్య ఏం మాట్లాడుకున్నామో అడిగినా చెప్పను. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ నేను అత్తారింటి గుమ్మంలో కాలు పెట్టగానే మామగారు కుశలం అడగరు, ఆ మడత కాగితం తీస్తారు. నేను బాకీ ఉన్నది మూడు కొలతలు, సెంటీమీటర్లలో.