మేక తిన్న బొబ్బరాకులు

మహారాజశ్రీ పాఠక మహాశయులకు సాష్టాంగపడి ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు వాడవలసిన ‘మహామనీషి’, ‘తీరని లోటు’ వగైరా సరుకు నా దగ్గర నిండుకుంది. ఉన్నవల్లా కొన్ని పండుటాకులు. సర్దుకుపోగలరు.

మా బడి సైన్సు మాస్టారు పోయారు. రిటైరయ్యాక రెడ్డిగూడెంలో కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్న పొద్దున అటునుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను చూసి, “మీ ఆకుల మాస్టారు పోయారండి. నిద్రలోనేనట” అన్నాడు. అలవాటు కొద్దీ ఏదో చమత్కారం అనబోయి “ఎప్పుడు?” అని మాత్రం అడిగాను.

బి.యస్సీ. పట్టా చంకన పెట్టుకుని ఆయన కింద టెంపరరీ మేష్టరుగా చేరాను. అరిగిపోయిన సుద్దముక్కలన్నీ ఏరి, నూరి, తడిపి మళ్ళీ కడ్డీలు చేసేవారాయన. అవి బోర్డు మీద కీచుమంటే క్లాసంతా చెవులు మూసుకునేది. “పాత సుద్దకు మాట ఎక్కువ” అనేవారు.

ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళు ఆయన దాన్ని పట్టించుకునేవారు కాదు. పసుపు తిరిగిందా, కళ్ళద్దాలు తుడుచుకుని వెళ్ళి, నాడి చూస్తున్నట్టు తొడిమ పట్టుకునేవారు.

“రాలిపోయేదానికి ఇంత మర్యాదా మాస్టారూ?” అన్నాను ఓసారి.

“రాలడం కాదోయ్, ఇల్లు ఖాళీ చేస్తోంది. నీ పూరిపాక ఇంకో ఊరికి మార్చాలంటే పాకను పాకగా బండెక్కిస్తావా?”

“లేదండి, విప్పుకుంటాను.”

“ఆ! వాసాలు, తాళ్ళు, తాటాకులు విడివిడిగా. ఆకూ అంతే. తనలోని మాంసకృత్తుల్ని చిన్న చిన్న ముక్కలుగా విప్పి తొడిమలోంచి గింజకు పంపిస్తుంది. గింజ వాటితో తన పాక వేసుకుంటుంది. మధ్యలో కోశావో, సామాను ఎక్కకముందే బండి తోలేసినట్టే.”

రిటైరయ్యే ఏడు బడి కంచె పక్కన రెండు బొబ్బర పాదులు పెట్టారు. ఒకదానికి ఆకు పసుపు తిరగ్గానే కోసెయ్యడం. రెండోదానికి ఆకు దానంతటదే రాలేదాకా ఆగడం. ఎవరూ ముట్టుకోకుండా రెండోదాని పండాకులకు వదులుగా ఎర్రదారాలు కట్టారు. చివరికి రెండింటి గింజలూ కంసాలి త్రాసులో తూచాలి. “పుస్తకంలో ఉందని చెప్పీ చెప్పీ విసుగొచ్చిందోయ్. వెళ్ళేలోగా ఒక్కసారి పిల్లలకు కళ్ళారా చూపించాలి” అన్నారు. అల్లరి పిల్లలు కూడా ఆ దారాల జోలికి పోలేదు.

ఇంతలో ఇన్‌స్పెక్షను. ఆవరణలో ఎండుటాకు కనబడకూడదని హెడ్మాస్టరు హుకుం. మాస్టారు పెనుగొలనులో పెళ్ళికి వెళ్ళి రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే, రెండో పాదుకు కింది పండాకు ఒక్కటీ లేదు.

“మేక మాస్టారూ” అన్నాను.

బడి వెనకింటి అవ్వ మీద పిడుగు పడ్డట్టయింది. “నా మేక గుంజకు కట్టేసే ఉంది బాబూ! దాని మీద ఒట్టు!”

“పోనీలే అవ్వా. గింజలోకి పోవలసినవి మేకలోకి పోయాయి. ఏదీ వృథా కాలేదు” అన్నారాయన. అంటూనే, బోసిపోయిన పాదు చుట్టూ తుమ్మకంప నాటారు. గింజలు ముడతలు పడి మిగిలాయి. “త్రాసు ఎప్పుడు పంపమంటారండీ?” అని కంసాలి అడిగితే “ఇప్పుడొద్దులే” అన్నారు. ఆ వేసవిలో వెళ్ళిపోయారు.

అవ్వా, నీ మేక నిర్దోషి. ఉద్యోగం పర్మనెంటు కాదేమోనని బెదిరి ఆ ఆకులు కోసినవాణ్ణి నేను. చెత్తతో కలిపి కాల్చిందీ నేనే. గింజలోకీ పోలేదు, మేకలోకీ పోలేదు మాస్టారూ, కంచె మీదుగా పొగై పోయాయి. ఇన్‌స్పెక్టరుగారు అటువైపు చూడనైనా లేదు.

దారాలు మాత్రం కాల్చలేకపోయాను. తొడిమల మీంచి జార్చి దాచుకున్నాను. ఇప్పుడు బల్ల మీద ఉన్నాయి. ఆయన వేసిన ముళ్ళు ఊడలేదు. ఒక్కో ఉచ్చూ ఇంకా తొడిమంత గుండ్రంగానే ఉంది.