కుట్టు లోపలి గుడ్డ

ఆ వీధిలో పిల్లల బట్టలు ఎవరు కుట్టించినా టైలరు మాస్టారి దగ్గరే. ఆయనకో అలవాటుండేది. ఎదిగే పిల్లలని చెప్పి పక్క కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలేవాడు. ఏడాది తిరిగాక కుట్టు విప్పితే చొక్కా మళ్లీ సరిపోయేది. "ఈ చొక్కాలో మావాడూ, వాడి తమ్ముడూ కలిసి పడతారు మాస్టారూ!" అని తల్లులు దెప్పినా నవ్వి ఊరుకునేవాడే తప్ప ఆ గుడ్డ కత్తిరించేవాడు కాదు.

అలాంటి మనిషి ఏడాదిగా కన్నకొడుకు చొక్కాలు లోపలికి కుట్టి బిగిస్తూ వస్తున్నాడు. పద్దెనిమిదేళ్లవాడు, రక్తంలో జబ్బు. ఇక మందులు పనిచేయవని డాక్టరు తండ్రిని పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట ఆయన కొడుక్కి తెలియనివ్వకుండా కడుపులోనే దాచుకున్నాడు. వాడు అడిగింది ఒక్కటే, ఆటలాడుకోవడానికి కొత్త కంప్యూటరు.

కంప్యూటర్ల కొట్టులో కుర్చీ వేసి వాణ్ణి కూర్చోబెట్టారు. కొట్టతను కంప్యూటరు లోపల బిగించే మదర్‌బోర్డులు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తేడా అంతా ఈ చిప్‌సెట్‌లోనే ఉంది మాస్టారూ. ఈ చిన్నదాంతో ఇవాళ్టి ఆటలన్నీ బ్రహ్మాండంగా ఆడొచ్చు. కానీ తర్వాత పెంచుకోవడానికి పెద్దగా చోటుండదు. ఈ పెద్దదాంట్లో అయితే బోలెడు ఖాళీ స్లాట్లు. ముందు ముందు ఏది కొన్నా బిగించుకోవచ్చు."

"అంటే లోపల గుడ్డ వదిలినట్టు," అన్నాడు మాస్టారు.

"అబ్బ, భలే చెప్పారు! ఇంతకీ ఎన్నేళ్లు వాడతావ్ తమ్ముడూ?"



"చిన్నది చాలు నాన్నా," అన్నాడు కొడుకు, బోర్డుకేసే చూస్తూ. "తర్వాత పెంచుకునేది ఎవరు గనక?"

తాను దాచిన మాట వాడికి ఎప్పుడో తెలిసిపోయిందని అప్పుడర్థమైంది ఆయనకు. ఇప్పుడు చిన్నదానికి ఊ అంటే, ఆ మాట తన నోటితో తనే చెప్పినట్టు.

"ఎవరేమిట్రా, నువ్వే," అని కొట్టతని వైపు తిరిగాడు. "పెద్దదే కట్టు బాబూ."

"నాన్నా..."

"కొలిచేది నేనురా. నువ్వు కదలకుండా కూర్చో."

చిన్నప్పుడు ఒంటికి టేపు పెట్టినప్పుడల్లా విన్న మాటే అది. వాడు నవ్వాడు. నవ్వితే దవడ ఎముకలు బయటికొచ్చాయి.

వాడు ఆడుకున్నది కొన్నాళ్లే. తర్వాత వేళ్లకు మౌసు కూడా బరువైంది. ఖాళీ స్లాట్లు ఖాళీగానే ఉన్నాయి. ఒక సాయంత్రం, చొక్కా భుజాల మీంచి జారిపోతోందని వాళ్లమ్మ తెచ్చి మిషను మీద పెట్టింది. మాస్టారు మళ్లీ బిగించాడు. కుట్టు లోపల గుడ్డ బెత్తెడు మిగిలింది.

"ఆ గుడ్డ కత్తిరించెయ్యండి. వాడి ఒంటికి ఒరుసుకుంటోంది," అందామె.

ఆయన కత్తెర ముట్టుకోలేదు. మెత్తటి పాత గుడ్డముక్క వెతికి, దాని మీద కప్పి, ఒరుసుకోకుండా చేత్తో కుట్టడం మొదలుపెట్టాడు.