పెళ్లికూతురికి పులిహోర పసుపు

ఒక పెళ్లి ఆగిపోవాలంటే మామూలుగా మేనమామ అలగాలి, లేదా పురోహితుడి ఫ్లైటు తప్పిపోవాలి. నేను రెండు సీసాల ఉప్పుతో ఆ పని దాదాపు ముగించాను. చదివి మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి. మా ఆవిడ సుజాత ఇన్నేళ్ల నుంచీ నవ్వుతూనే ఉంది, ఊపిరి తీసుకోవడానికి మాత్రం మధ్యమధ్యలో ఆగుతుంది.

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మేం కొత్తగా ఇల్లు కొన్న రోజులవి. ఎదురింటి బార్బరా, భర్త పోయి చాలాకాలమైన పెద్దావిడ. సుజాతకి డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. అంతకుముందు నేను నేర్పబోతే మొదటి మలుపు తిరిగేలోపే విడాకుల దాకా వెళ్లాం. అలాంటి బార్బరా, చర్చిలో తనతో కలిసి పాడే వాల్టర్‌ని పెళ్లాడబోతున్నానని సిగ్గుపడుతూ చెప్పింది.

“బహుమతులేమీ వద్దు. మరీ తప్పదనుకుంటే మీ చేత్తో చేసిందేదైనా ఇవ్వండి” అంది. ఆవిడ అన్నది ఇంగ్లీషులోనే లెండి, నాకు ఎప్పుడూ తెలుగులోనే వినబడుతుంది.

నా చేత్తో నేను చేసేవి అప్పటికి రెండే: ఆఫీసులో కోడూ, ఇంట్లో ఉప్మా. రెండూ ఎవరికీ మింగుడు పడేవి కావు. అందుకని వీడియోలు చూసి, స్నానపు ఉప్పు చేద్దామని నిశ్చయించుకున్నాను.

“ఏమండీ, ఉప్పు ఎవరైనా గిఫ్ట్‌గా ఇస్తారా? చేతికిస్తే గొడవలొస్తాయంటారు” అంది సుజాత.

“ఇది వంట ఉప్పు కాదోయ్, ఎప్సమ్ సాల్ట్. టబ్బులో వేసుకుని అరగంట నానాలి.”

“నానడానికి వాళ్లేమన్నా మినప్పప్పా?”

మేధావులు ఇలాంటి ప్రశ్నలకి జవాబివ్వరు. ఉప్పులో బేకింగ్ సోడా, కొబ్బరినూనె, గంధం సెంటు కలిపాను. తీరా చూస్తే ఆస్పత్రి గోడలా తెల్లగా, నీరసంగా ఉంది. పెళ్లికిచ్చే వస్తువులో కాస్త మంగళకళ ఉండొద్దూ? పసుపు డబ్బా తీసి ధారాళంగా గుమ్మరించాను.

“అయ్యయ్యో, అంతెందుకండీ!”

“మనవాళ్లు పెళ్లికూతుర్ని చేసేటప్పుడు పసుపు రాయరూ? ఇదీ అంతే, ఇన్‌స్టంట్ వెర్షన్.”

“పోనీ, ముందు మనం ఒకసారి వేసుకుని చూద్దాం.”

“ఎక్కడ వేసుకుంటాం? టబ్బులో బకెట్ ఉంది కదా!”

మన మధ్య దాపరికం దేనికి? అమెరికాలో మనవాళ్ల ఇంట్లో టబ్బంటే బకెట్టూ మగ్గూ అద్దె లేకుండా కాపురముండే చోటు. పైగా నేను సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని. రాసినవాడే టెస్ట్ చేయడం మా వృత్తిధర్మంలోనే లేదు. సరాసరి ప్రొడక్షన్‌లోకి, అంటే జనం మీదకి వదలడమే.

సీసా మెడకి రిబ్బను కట్టి, ‘లైట్లు ఆర్పి, ఒక్క కొవ్వొత్తి వెలుగులో, కళ్లు మూసుకుని సేదతీరండి’ అని కార్డు తగిలించి బార్బరాకి ఇచ్చాను. నా బుర్ర అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? సుజాతకి కూడా చెప్పకుండా రెండో సీసా తీసుకెళ్లి, “సర్‌ప్రైజ్! బార్బరాకి చెప్పకండి” అంటూ వాల్టర్ చేతిలో పెట్టివచ్చాను.

పెళ్లి శనివారం మధ్యాహ్నం. శనివారం పొద్దున్నే మా డోర్‌బెల్ ప్రాణం పోయేలా మోగింది. తలుపు తీస్తే బార్బరా. టెక్సస్ ఎండలో తలకి శాలువా, కళ్లకి నల్లద్దాలు, చేతులకి గ్లవ్స్! లోపలికొచ్చి శాలువా తీసింది.

చెట్టున పండిన బంగినపల్లి మామిడిపండైనా అంత పచ్చగా ఉండదు.

“రాత్రి మీ ఉప్పు వేసుకున్నాను. చీకట్లో ఏమీ తెలియలేదు. పొద్దున సబ్బుతో తోమాను, పోవడం లేదు. వాల్టర్ ముందు ఇలా ఎలా నిలబడను?” అంది ఏడుపు గొంతుతో.

సుజాత నావైపు తిరిగింది. “ఏ పసుపు వేశారు?”

“పసుపుల్లో రకాలుంటాయా?”

“స్నానానికి కస్తూరి పసుపండీ, ఒంటికి రంగంటదు! మీరు వేసింది పులిహోర పసుపు!”

అంతలో బార్బరా ఫోన్ మోగింది. గ్లవ్ లాగేసి స్పీకర్ నొక్కింది. వాల్టర్ గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

“బార్బరా, పెళ్లి వద్దు. కారణం అడక్కు. ఒక భర్తకి ఆస్పత్రిలో నువ్వు చేసిన సేవ చాలు. ఇంకొకడికి కూడా చేయమని నేను అడగలేను.”

ఫోన్ కట్టయింది. బార్బరా కుర్చీలో కూలబడింది. “ఆస్పత్రి ఏమిటి? నిన్న సాయంత్రం కూడా హాయిగా పాడాడే!”

నేను మెల్లగా తలుపు వైపు జరగడం మొదలుపెట్టాను.

“ఏమండీ, మీ మొహం తెల్లబోయిందేంటి? మిగిలిన పసుపు రాయనా?” అంది సుజాత.

“అది… రెండో సీసా… వాల్టర్‌కి ఇచ్చాను.”

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నా పుణ్యమా అని లోకానికి లేని కామెర్లు కనిపిస్తున్నాయి!

సుజాత కారు తీసింది. గురువుగారు పక్కనే కూర్చున్నా, ఆ పూట స్టాప్ సైన్ల దగ్గర ఎంతసేపు ఆగిందో నేను చెప్పను. వాల్టర్ ఇంటికెళ్లి బెల్ కొట్టాం. నేను కారు చాటునే ఉండి బెల్ కొట్టే పని వాళ్లకి అప్పగించాననుకోండి. ఎమర్జెన్సీకి వెళ్లడానికి బట్టల బ్యాగు సర్దుకుని, వాల్టర్ తలుపు తీశాడు. దోసావకాయలో వేసే పచ్చటి దోసకాయకి కోటు తొడిగినట్టున్నాడు.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. వాల్టర్ చేతిలో బ్యాగు జారిపోయింది.

“అయ్యో బార్బరా! నీకు కూడా అంటించానా?”

బార్బరా ఏడుపు ఎక్కడ ఆగి నవ్వు ఎక్కడ మొదలైందో తెలియలేదు. “నువ్వు కాదు! ఇద్దరికీ అంటించిన మహానుభావుడు అదిగో, ఆ కారు వెనక దాక్కున్నాడు!”

సుజాత వాళ్లని మా ఇంటికి తీసుకొచ్చి, ఉన్న శనగపిండి, పాలు అన్నీ ఖర్చుపెట్టి ఇద్దరికీ నలుగు పెట్టించింది. ఎంత రుద్దినా ముద్దపప్పు రంగు మజ్జిగపులుసు రంగు దాకా దిగివచ్చింది గానీ, అక్కణ్ణుంచి కదలనంది. పెళ్లిలో ఫోటోగ్రాఫరు కెమెరా పాడైందనుకుని, పాపం, చివరిదాకా దాన్నే సతాయించాడు.

పాస్టరు బార్బరాని అడిగాడు: “ఆరోగ్యంలోనూ అనారోగ్యంలోనూ ఇతనికి తోడుంటావా?”

“ఉంటాను. పొద్దున్నే రిహార్సల్ కూడా అయింది” అంది బార్బరా.

చర్చి చర్చంతా గొల్లున నవ్వింది. వాళ్ల ప్రమాణాలు పూర్తవగానే వెనక బెంచీలో నిలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుని నేనూ ఒకటి చేశాను: సుఖంలోనూ దుఃఖంలోనూ, పండగలోనూ పెళ్లిలోనూ, మరణం నన్నూ క్రెడిట్ కార్డునూ వేరుచేసేవరకూ, గిఫ్టనేది దుకాణంలోనే కొంటాను.