రొయ్యల మీద జున్ను

వంటలో ‘చిటికెడు’ అనే మాట నాకు గిట్టదు, ఉప్పైనా తూచే వేస్తాను. ఈ రోజు ఆ గర్వం కాస్తా అణిగింది.

మా ఆయన పనిచేసే ఆదోని జిన్నింగు మిల్లు దొర, దొరసాని సాయంత్రం మొదటిసారి మా ఇంటికి టీకి వచ్చారు. మా ఆయన పరువంతా నా పళ్లెంలో ఉంది. కాల్చిన రొట్టె ముక్క మీద రొయ్యలు, ఆపైన జున్ను వేసి వెచ్చగా పెట్టాలని ఆయనే ఇంగ్లీషు పుస్తకం చూసి చెప్పారు. సంతలో ఎండు రొయ్యలు దొరికాయి. అదృష్టం కొద్దీ పక్కింట్లో ఎనుము ఈనింది. జున్నుపాలలో బెల్లం, యాలకులు తూచి వేసి, ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి రొయ్యల మీద పరిచాను.

దొరసాని ఒకటి కొరికి, చాలాసేపు నమిలి, మా ఆయనను ఏదో అడిగింది. ఆయన నా వైపు వంగి, “ఏం జున్ను ఏసినావే?” అన్నారు.

“పక్కింటి ఎనుముది. జున్నని మీరే కదా అంటిరి!”

“అయ్యో, పుస్తకంలోది డబ్బాలో వచ్చే ఉప్పటి సీమజున్నే!”

“ఆ ముక్క ముందే సెప్పకూడదా? ఇంతకీ ఏమంటాంది ఆమె?”

“ఇది మొదట తినేదా, చివర తినేదా అని అడుగుతాంది.”

బెల్లం మాత్రం కొలత తప్పకుండా కుదిరింది. మీరైతే ఆమెకు ఏమని చెప్పేవారు?