పోగు తగులుకోని పంజరం

2023 వేసవిలో నేను ధర్మవరంలో ఒక చిన్న పశువైద్యశాల నడుపుతున్నాను. వచ్చేవి ఎక్కువగా గొర్రెలు, గేదెలు, కుక్కలు. పక్షులు నెలకు రెండో మూడో. ఏప్రిల్‌లో ఒక ఉదయం, పట్టుచీరలు నేసే ఓబులేసు, ఆయన భార్య లక్ష్మీదేవి ఒక పంజరం మోసుకొచ్చారు. లోపల ఐదు నెలల కాక్‌టీల్ పిల్ల. అది తలపై కుచ్చు ఉండే చిన్న విదేశీ చిలుక. మన రామచిలుకను పెంచడం చట్టరీత్యా నేరం గనుక ముందుగా జాతిని నిర్ధారించుకోవడం నా అలవాటు.

“ఒంటికాలి మీదే నిలబడతాండాది మేడం. కాసేపుంటే ఆ కాలెత్తి ఈ కాలు పెడతాది,” అంది లక్ష్మీదేవి.

నేత ఇళ్లలో పక్షి కుంటితే నేను మొదట వెతికేది పట్టుపోగు. అది వేలికి చుట్టుకుంటే రక్తం అందక వేలు ఎండిపోతుంది. భూతద్దంతో ఎనిమిది వేళ్లూ చూశాను. పోగు లేదు. కానీ రెండు అరికాళ్లలోనూ సరిగ్గా ఒకే చోట చర్మం ఎర్రబడి మెరుస్తోంది. కుడికాలిలో చిన్న పుండు మొదలైంది. దీన్ని బంబుల్‌ఫుట్ అంటాం. ఒకే చోట బరువు పడి చర్మం చితికి, సూక్ష్మజీవులు చేరే జబ్బు ఇది. ఎముకను పట్టుకుంటే కాలు దక్కదు. ఒక్కోసారి పక్షే దక్కదు. సాధారణంగా ఏళ్లతరబడి కదలక లావెక్కిన పక్షులకు వస్తుంది. ఐదు నెలల పిల్లకు ఎందుకు వచ్చింది?

పంజరాన్ని పరీక్షించాను. కడ్డీల మధ్య దూరం సరిపోయింది. రెక్కలు పూర్తిగా చాచే వెడల్పు ఉంది. తిండిగిన్నెల్లో రెట్ట పడే వీలు లేదు. పర్చ్‌లు, అంటే పక్షి నిలబడే కర్రలు, నాలుగున్నాయి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. నాలుగూ పదహారు మిల్లీమీటర్లే.

“ఎవరు చేశారు?”

“నేనే మేడం. నెల దినాలు పట్టినాది,” అన్నాడు ఓబులేసు. జేబులోంచి ఒక పట్టుపోగు తీసి కర్రమీద లాగి చూపించాడు. “చూడండి, యాడా తగులుకోదు.”

“మా ఇంట్లో అన్నీ అట్లే మేడం,” అంది లక్ష్మీదేవి. “చపాతీ కర్రను గూడా రుద్దినాడు. ఇప్పుడది చేతిలో నిలవదు.”

మగ్గం దగ్గర గరుకంటే తెగిన పోగు, చెడిన చీర. ఆ చేతికి నునుపే మంచికి కొలత. పక్షి పాదానికి కావలసింది వేరు. బెరడు, వంకరలు, మారే మందం ఉన్న కొమ్మ మీద జరిగిన ప్రతిసారీ బరువు కొత్తచోట పడుతుంది.

పుండు కడిగి మందు వేశాను. వట్టి గింజలే కాక మునగాకు కూడా పెట్టమన్నాను. చర్మం గట్టిపడడానికి విటమిన్ ఎ అవసరం. పన్నెండు నుంచి ఇరవై మిల్లీమీటర్ల దాకా మందం మారే వేప, జామ కొమ్మలను కడిగి, ఎండబెట్టి, బెరడుతోనే అమర్చమన్నాను. చీనీ, అంటే బత్తాయి, తోటల కొమ్మలు వద్దన్నాను. వాటికి పురుగుమందు కొడతారు.

పది రోజులకు పిల్లను మాత్రం ఒక బుట్టలో పెట్టుకుని మళ్లీ వచ్చారు. కుడికాలి పుండు తగ్గలేదు సరికదా, ఎడమకాలిలోనూ మొదలైంది. కారణం తోచక మరునాడు వాళ్లింటికే వెళ్లాను. పంజరంలో ఉన్నవి వేపకొమ్మలే. కానీ బెరడంతా తీసి, గుండ్రంగా చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది ఉన్నాయి.

“చెయ్యి రాలేదు మేడం,” అన్నాడు ఓబులేసు, మగ్గం గుంటలోంచి లేస్తూ. “గీసుకుంటాదేమో అనుకున్నా. పసిది గదా.”

“ఇంగ దాని కాలు పోతే నీ నునుపును నాకుతా కూచుంటావా?” అంది లక్ష్మీదేవి.

గుంటమగ్గంలో నేతగాడు గుంటలోకి కాళ్లు జార్చి తొక్కుడు కర్రలను తొక్కుతాడు. ఆయన కుడి అరికాలు చూపించమన్నాను. వేళ్ల మొదట్లో రూపాయి బిళ్లంత ఆనెకాయ ఉంది.

“ఇదెట్లా వచ్చింది?”

“తొక్కి తొక్కి. ముప్పై ఏండ్లుగా ఒకే తావున.”

“తొక్కుడు కర్ర గరుకుగా ఉంటుందా?”

ఆయన బొటనవేలితో ఆనెకాయను నొక్కి చూసుకున్నాడు. “లేదు మేడం. అద్దం మాదిరి ఉండాది.” పంజరం వైపు చూసి, “నేనన్నా రేయికి కాళ్లు చాపుకొని పండుకుంటా. ఇది పండుకునేది గూడా ఆ కర్ర మీదే గదా,” అన్నాడు.

ఆ మాట నేను చెప్పవలసింది. ఆయనే లేచి వీధి చివరి వేపచెట్టు నుంచి కొమ్మలు తెచ్చాడు. వాటిని కడిగి ఎండబెట్టి, బెరడుతోనే మరునాడు బిగించాడు.

ఐదు వారాలకు పుండ్లు మానాయి. నున్నబడిన చర్మం మీద సన్నటి పొలుసుల గీతలు మళ్లీ కనిపించాయి. “బెరడును చూస్తే ఇప్పటికీ చెయ్యి గుంజుతాది మేడం,” అన్నాడు ఓబులేసు. “అందుకే చెక్కే కత్తిని ఈమె చేతికిచ్చి దాపెట్టమన్నా.”

నిర్లక్ష్యం వల్ల వచ్చే జబ్బులను వెతకడం కళాశాలలో నేర్చుకున్నాను. శ్రద్ధ వల్ల వచ్చేవాటికి వేరే ప్రశ్నలు కావాలని ఈ కేసు నేర్పింది. ఇప్పుడు పంజరం ఎవరు అమర్చారో, వారి పనేమిటో అడిగి రాసుకుంటాను. సలహాను ఆ పనిలోంచే చెబుతాను. మిల్లీమీటర్లు నేను మొదటి రోజే సరిగ్గా చెప్పాను. అవి ఓబులేసు చెవిదాకా వెళ్లాయి, చేతిదాకా వెళ్లలేదు.