స్కోరు చెప్పని గోల్‌కీపర్

జంషెడ్‌పూర్‌లోని మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. అన్నీ దొరికాయి, పాత ఫైనల్ ఒకదాని స్కోరు తప్ప. ఓడిపోయామని అందరికీ గుర్తే. ఎన్ని గోల్స్‌తో అంటే మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రోజు గోల్‌లో నిలబడ్డ మనిషే తర్వాత మాకు కోచ్ అయ్యారు. ఆయన్ని అడిగితే చాలనుకోవడం నా అమాయకత్వం.

అదే ఊళ్లో బర్మామైన్స్ పేటలోని టీ కొట్టు బల్లే ఆయనకు మైదానం. తాగేసిన మట్టి కప్పులు పోగేసి, వాటినే ఆటగాళ్లుగా నిలబెట్టేవారు. గోల్‌లో మాత్రం కప్పు పెట్టేవారు కాదు.

"స్కోరెంత మాస్టారూ?"

"రుకో బావూ! స్కోరు ఏటికి? ముందు రైటు పక్కనుంచి ఆడెలా వత్తన్నాడో సూడు."

ఆ రైటు పక్క కప్పు గోల్ దగ్గరికి రాగానే ఆట ఆగిపోయేది. కప్పులన్నీ బుట్టలో పడేసి, "పద, బస్సు ఎల్లిపోతాది" అని లేచేవారు. ఆయన ఇల్లు పక్క సందులోనే. ఏ బస్సో ఏమో!

ప్రతి ఆదివారం ఇదే తంతు. చివరికి నాకు ఒళ్లు మండింది. ఆయన కప్పులు ఎత్తబోతుంటే, నా టీ గబగబా తాగేసి, ఆ కప్పును ఖాళీ గోల్ మధ్యలో ఠక్కున పెట్టాను.

"ఇక్కడున్నది మీరే కదా! ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పడానికి ఏటి కష్టం?"

ఆయన కోప్పడలేదు. ఒక్క వేలితో ఆ కప్పును కొంచెం ఎడమ పక్కకి జరిపారు.

"ఇక్కడ నిలబడాల్సింది, బావూ."