మేస్త్రి కట్టలేని గోడ

మేస్త్రి కట్టిన గోడ మీద వాలితే కాకి కూడా మెడ సరిచేసుకుని కూర్చునేది. ఇందులో అబద్ధం ఉంటే పిసరంత ఉంటుంది, అంతకు మించి ఉండదు. పెద్ద చదువులు చదివిన ఇంజనీరు ఒకాయన ఒకసారి గోడకీ ప్లానుకీ తేడా వచ్చిందని గొంతు చించుకున్నాడు. మేస్త్రి జేబులోంచి తూకపు గుండు తీసి, దారానికి వేలాడదీసి, "మీరే చూసుకోండి" అని పక్కకెళ్లి టీ తాగాడు. సాయంత్రానికి ప్లాను మారింది. గోడ ఉన్నచోటే ఉంది.

నలభై ఏళ్లలో ఆయన కళ్లముందు లేచిన వంకర గోడ ఒకే ఒక్కటి. అది ఆయన పెరట్లోనే లేచింది. బట్టలు ఉతికే చోటుకి అడ్డుగా, ఛాతీ ఎత్తున, పన్నెండు వరసల ఇటుక గోడ. కట్టినవాడు ఇప్పుడు డెబ్బై సినిమాల హీరో. అప్పట్లో వట్టి వంకరోడు, మేస్త్రి దగ్గర సిమెంటు మాలు మోసే కూలీ కొడుకు. పదిహేడేళ్లప్పుడు వాడి చేతికి తాపీ ఇస్తే, ఒక చేత్తో ఇటుక పెడుతూ రెండో చేత్తో రాజు వేషం కట్టాడు. గోడ మూడో వరసలో ఎడమకి ఒరిగింది. ఏడో వరసలో తప్పు తెలుసుకుని కుడికి తిరిగింది. పైకి పోయాక ఎటు పోవాలో తోచక ఇంటి మీదకి వంగి నిలబడింది.

మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "నీకు గోడలు రావురా. పోయి వేషాలు వేసుకో" అన్నాడు.

వాడు పోయి వేషాలే వేసుకున్నాడు.

అంతవాడయ్యాక కూడా పుట్టిన చోటుని మర్చిపోలేదు. మైకు కనిపిస్తే చాలు, "మా నాన్న మాలు మోశాడు, నేను గోడ కట్టాను, అది ఇప్పటికీ ఉంది, వంకరగా!" అని ఛాతీ చరుచుకునేవాడు. అవార్డు ఇచ్చినా గోడ ఊసే, విమానం దిగినా గోడ ఊసే. జలుబు చేసి ఆస్పత్రికెళ్లినా గుమ్మంలో గోడ గురించి నాలుగు ముక్కలు చెప్పి గాని కారెక్కేవాడు కాదు.

తంటా అంతా ఇక్కడే ఉంది. ఆ గోడ లేదు.

రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆ గోడని చూడాల్సి రావడంతో, అది నిటారుగా కనబడాలని మేస్త్రి మెడ ఒక పక్కకి వంచేవాడు. ఏళ్ల తరబడి వంచగా మెడ అలాగే ఉండిపోయింది. డాక్టరు పట్టీ వేశాడు. ఆరేళ్ల కిందట భార్య నాలుగు రోజులు చెల్లెలింటికి వెళ్లింది. అదే అదనుగా మేస్త్రి ఆ గోడని పడగొట్టి, అవే ఇటుకలతో దారం లాగినట్టు మళ్లీ కట్టేశాడు. మర్నాటికి మెడ సర్దుకుంది. తిరిగొచ్చిన భార్య గోడని చూసి "ఇదేంటి, ఇంత బుద్ధిగా నిలబడింది?" అంటే, "ఎండకి సర్దుకుందిలే" అన్నాడు.

మొన్న బుధవారం టీవీలో ఎవడో మాట తూలాడు. హీరో తండ్రి కూలీయే కాదట, హీరో చెయ్యి ఇటుక తాకనే లేదట, గోడ మాట ఒట్టి కట్టుకథట. హీరోకి ఒళ్లు మండింది. "ఆదివారం కెమెరాల ముందు నా గోడ చూపిస్తా. చూపించలేకపోతే నటన మానేస్తా!" అన్నాడు.

మేస్త్రి నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

"ఏవయ్యా, ఆ గోడ ఎండకి సర్దుకుందన్నావు కదా?" అంది భార్య.

"అవును."

"ఎండకి సర్దుకునే గోడని ఎక్కడైనా చూశావా?"

"మరి నువ్వు నమ్మావు కదే!"

"ఎవరు నమ్మారు? నీ మెడనొప్పి పోయింది కదాని ఊరుకున్నా."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "వీడి నాన్న నా దగ్గర ఇరవై ఏళ్లు మాలు మోశాడే. భుజం కాయ కాసిపోయింది. ఆ మనిషి మోసిందంతా ఇప్పుడు అబద్ధం అయిపోతుంది, నా మెడ మూలంగా."

"మూడు రోజులుంది. పడగొట్టి వంకరగా కట్టు. వంకరగా కట్టడం కూడా ఒక విద్యేనా?"

విద్యేనని గురువారం తెలిసింది. దారం లేకుండా, గుండు లేకుండా కట్టాడు. భార్య గుండు వేలాడదీసి చూసి, "వెంట్రుకవాసి తేడా లేదు, సిగ్గులేదూ?" అంది. శుక్రవారం కళ్లకి తువ్వాలు కట్టుకుని కట్టాడు. గోడ గురువారం నాటి కంటే బాగా వచ్చింది. శనివారం ఒంటికాలి మీద నిలబడి ఎడమచేత్తో కడుతుంటే, భార్య వెనకనుంచి చక్కిలిగింతలు పెట్టింది. మాలు చెవిలోకి పోయింది, ఒక ఇటుక పక్కింటి కుక్కని తరిమింది, గోడ మాత్రం కడిగిన అద్దంలా లేచింది.

"తప్పుకో, నేనే కడతా" అని అదీ పడగొట్టించి ఆమె నాలుగు ఇటుకలు పెట్టింది. చూడముచ్చటైన వంకర! పాలు పొంగుతున్నాయని లోపలికెళ్లి వచ్చేసరికి నాలుగూ బుద్ధిగా ఉన్నాయి.

"ముట్టుకున్నావా?"

"లేదే!" అన్నాడు మేస్త్రి. చేతిలో తాపీ ఉంది. దాని పిడికి ఇటుక పొడి అంటుకుని ఉంది. తట్టిన సంగతి ఆ చేతికి తెలుసు, మనిషికి తెలియదు.

ఆదివారం మూడు వ్యాన్లు దిగాయి. మైకు పట్టుకున్న అమ్మాయి, కెమెరాలు, వాటి ముందు హీరో. "బాబాయ్!" అని మేస్త్రిని కౌగిలించుకుని, చెయ్యిపట్టి లాక్కుంటూ పెరట్లోకి వెళ్లాడు. అక్కడ ఇటుకల కుప్ప ఉంది, పక్కన కలిపిన మాలు ఉంది.

"నా గోడ ఏది బాబాయ్?"

"పడగొట్టానురా. ఆరేళ్లయింది. మెడనొప్పి."

మైకు అమ్మాయి మొహం వెలిగిపోయింది. "అంటే గోడ లేదన్నమాట!"

డెబ్బై సినిమాల్లో పెట్టిన మొహాలన్నీ హీరో ఒక్కసారి వెతుక్కున్నాడు. దీనికి సరిపోయేది దొరకలేదు. చొక్కా చేతులు మడిచాడు. "తాపీ ఇవ్వు" అన్నాడు.

రెండు వరసలు నిటారుగా లేచాయి. మేస్త్రి వంగి చూశాడు. కొంపదీసి వీడు ఎక్కడైనా నేర్చుకొచ్చాడా? అంతలో కెమెరా ఎడమకి జరిగింది. హీరో మొహం దాని వెంట తిరిగింది. చెయ్యి మొహం వెంట, ఇటుక చెయ్యి వెంట. మూడో వరస ఎడమకి ఒరిగింది! ఏడో వరసకి కెమెరా కుడికి వచ్చింది. గోడా వచ్చింది.

మేస్త్రి చెయ్యి దానంతటదే లేచింది. భార్య మణికట్టు పట్టేసింది.

"వదలవే, ఒక్క దెబ్బ. ఆ మూల ఇటుక మీద, ఒక్కటే."

"కదిలావంటే తాడుతో కట్టేస్తా."

పన్నెండో వరస పడింది. గోడ ఇంటి మీదకి వంగి అందర్నీ చూసింది.

"ఇది రుజువెలా అవుతుందండీ?" అంది మైకు అమ్మాయి. "వంకరగా ఎవరైనా కట్టగలరు."

"ఎవరైనానా?" మేస్త్రికి రోషం వచ్చింది. "నలభై ఏళ్ల పని నాది. మూడు రోజులు చచ్చీచెడీ కట్టలేకపోయాను! మూడులో ఎడమ, ఏడులో కుడి, పైన ఇంటి మీదకి. ఇలా కట్టడం ఒక్కడికే వచ్చు. వీడి నాన్న మాలు మోస్తుండగా వీడు ఇక్కడే, ఇలాగే కట్టాడు. ఏ సాక్ష్యానికైనా వస్తాను."

హీరో మాలు అంటిన చేతులతో నిలబడి, చాలా చిన్నగా అడిగాడు. "ఎలా ఉంది బాబాయ్?"

గోడ విషయంలో మేస్త్రి భార్యతో తప్ప ఎవరితోనూ అబద్ధం ఆడలేదు. "దరిద్రంగా ఉందిరా" అన్నాడు. "నీకు గోడలు రావు. పోయి వేషాలు వేసుకో."

హీరో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈసారి ముక్కు కూడా కారింది. సినిమాల్లో ఎప్పుడూ కారలేదు.

ఇప్పుడు తూకపు గుండు పిండి డబ్బాలో ఉంది. ఎక్కడుందో భార్య చెప్పదు. మేస్త్రి పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, పళ్లు తోముకుంటూ ఆ గోడ ఎదుటే నిలబడతాడు. మెడ మళ్లీ ఒక పక్కకి వచ్చేసింది. డాక్టరు పట్టీ ఇస్తే వద్దన్నాడట. ఎవరైనా ఏమైందని అడిగితే, ఉన్న మెడని ఇంకాస్త వంచి చెబుతాడు.

"మా వాడి గోడ చూస్తున్నా."